మీకు తెలుసా? నిమ్మ ఉప్పూ పేలుతుంది!
నిమ్మకాయలు లేనప్పుడు పులిహోరలో చిటికెడు వేసే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, సన్నటి ధూళిగా గాలిలో దట్టంగా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలదు. ఆ భయం బస్తాలకు బస్తాలు గుమ్మరించే ఫ్యాక్టరీలకే లెండి. వంటింట్లో అసలు గండం కళ్లకు. పొడి పడితే నలపకుండా పావుగంట సేపు ధారగా నీళ్లు పోసి కడగాలి. మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కెటిల్‌లో పేరుకున్న తెల్లపొరను ఇట్టే వదిలిస్తాయి గానీ, అవే నీళ్లు కడప బండ గట్టు మీద ఒలికితే నునుపు పోయి మచ్చ పడుతుంది. అది సున్నపురాయి కదా! బ్లీచింగ్ పౌడరుతో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. తలుపు మూసుకుని బాత్రూమ్ కడిగేవాళ్లకు మరీ ప్రమాదం.