రెప్పే ముల్లయిన వేళ

'సర్వేంద్రియాణాం నయనం ప్రధానం' అన్నారు పెద్దలు. ప్రాణప్రదమైన దానిని 'కంటికి రెప్పలా కాచుకోవాలి' అని మనం చెప్పుకుంటాం. అయితే కాపాడవలసిన ఆ రెప్పే, తెల్లవారి తెరుచుకునే వేళ కంటిని గాయపరిచే వ్యాధి ఒకటున్నది. శుక్లపటలపు పైపొర మాటిమాటికీ ఊడిపోవడమే ఆ వ్యాధి.

నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దంలా అమరివుండే పారదర్శకమైన కవచమే శుక్లపటలం. దీనినే కార్నియా అంటారు. వృద్ధాప్యంలో వచ్చే 'శుక్లం' వేరు, ఇది వేరు. దీని మందం నడిభాగంలో సుమారు అర మిల్లీమీటరు. ఇందులో రక్తనాళాలు లేవు. నాడుల కొనలు మాత్రం చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయి. అందువల్లనే చిన్న నలుసు పడినా కన్ను విలవిలలాడుతుంది. శుక్లపటలం పైభాగాన ఐదారు వరుసల కణాలతో ఏర్పడిన పలుచని ఉపకళ, దాని అడుగున ఆధార త్వచం ఉంటాయి. ఈ రెండూ గట్టిగా అంటిపెట్టుకొని ఉండటమే కంటికి క్షేమం.

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. సాలుకు కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ చేలలో, కంపచెట్ల నడుమ పనిచేసే వారికి ఎండుకట్టె మొనో, కొమ్మ అంచో కంటికి గీసుకోవడం అరుదు కాదు. ఒక్కొక్కసారి చంకలోని పసిబిడ్డ గోరు చాలు. గాయం కొద్దిరోజులలోనే పైకి మానినట్లు కనిపిస్తుంది. కాని కొత్త ఉపకళ ఆధార త్వచానికి గట్టిగా అతుక్కోవడానికి వారాలు, నెలలు పడుతుంది. నిద్రలో కన్నీటి ఊట తగ్గి, రెప్ప ఆ బలహీనమైన పొరకు అంటుకుంటుంది. మేల్కొని రెప్ప తెరవగానే పొర చిరుగుతుంది. భరింపరాని నొప్పి కలుగుతుంది, నీరు కారుతుంది, వెలుతురు చూడలేరు.

ఈ వ్యాధిలోని మరొక కష్టం, అది సాక్ష్యం మిగల్చకపోవడం. తరచుగా కొన్ని గంటలలోనే పొర పూడుకుంటుంది. రోగి బస్సెక్కి పట్టణం చేరేసరికి కన్ను తేటగా కనిపిస్తుంది. ఇంటివారు నెపమనుకుంటారు. రోగికి మాత్రం నిద్రపోవాలంటేనే భయం పట్టుకుంటుంది. ఆ నిస్సహాయతలో కొందరు ఆకుపసర్లు పోసుకుంటారు. మరికొందరు మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటారు. గాయపడిన కంటిలో బూజు జాతి సూక్ష్మజీవులు చేరి ఉంటే, ఆ చుక్కలు వాటికి బలమిస్తాయి. పుండు ముదిరి మచ్చ కడుతుంది. పల్లెలలో 'కంటిలో పువ్వు' అనేది దీనినే. పొర ఊడటం వల్ల చూపు పోవడం అరుదు. తప్పుడు వైద్యం వల్ల పోవచ్చు.

కనుక నొప్పి వచ్చిన ఉదయమే నేత్రవైద్యుని చేరాలి. నెలల కిందటి గాయమైనా మరువక చెప్పాలి. ఫ్లోరెసిన్ రంగు వేసి, స్లిట్ ల్యాంప్ అనే పరికరపు నీలికాంతిలో చూస్తే ఊడిన చోటు పచ్చగా మెరుస్తుంది. కొందరిలో గాయం లేకుండానే వంశపారంపర్యంగా ఇది రావచ్చు. చికిత్సలో పగలు కన్నీటిని పోలిన చుక్కలు, రాత్రి లేపనం ముఖ్యమైనవి. నొప్పి తగ్గిన తరువాత కూడ వైద్యుడు చెప్పినన్ని నెలలు వీటిని మానరాదు. తగ్గకుంటే కట్టువంటి మెత్తని కాంటాక్ట్ లెన్సు అమరుస్తారు. అవసరమైతే సన్నని సూదితోనో, ఎక్సైమర్ లేజరుతోనో పొర అతుక్కునేలా చేస్తారు.

2019 అక్టోబరు 10న అనంతపురంలోనే 'వైఎస్సార్ కంటి వెలుగు' పథకం ప్రారంభమైంది. అటువంటి సామూహిక పరీక్షలలో దృష్టిలోపాలు బయటపడతాయి; తెల్లవారుజామున వచ్చి పొద్దెక్కేసరికి మాయమయ్యే వ్యాధి దొరకడం కష్టం. దానికి శుక్లపటల నిపుణుడే కావాలి. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ ఈ విభాగంలో పేరెన్నికగన్నది. పుట్టపర్తిలో 1991లో వెలసిన ఉచిత వైద్యశాలలోనూ నేత్రవిభాగం ఉన్నది.

కంటికి కనబడని బాధ లేని బాధ కాదు. రోగి మాటను నమ్మి, వెంటనే వైద్యుని వద్దకు తోడ్కొనిపోవడమే ఇంటివారు చేయగల మొదటి చికిత్స.