200 ఎంబీపీఎస్ ప్లాన్ వేసినా 95 దాటట్లేదా? రౌటర్ పోర్టు చెక్ చేయండి!

ఆన్‌లైన్ మీటింగ్ మధ్యలో వీడియో ఆగిపోతే చాలామంది చేసే మొదటి పని.. ప్లాన్ పెంచడం. బిల్లు పెరుగుతుంది కానీ, స్పీడ్ అక్కడే ఉంటుంది. మరి తేడా ఎక్కడ? చాలాసార్లు రౌటర్ దగ్గరే.

చౌకగా దొరికే రౌటర్లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. అలాంటిది పెడితే 200 ప్లాన్ ఉన్నా స్పీడ్ సుమారు 95 దగ్గరే ఆగిపోతుంది. బాక్స్ మీద పెద్దగా ‘ఏసీ1200’ అని ఉంటుంది కదా.. అది చూసి పడిపోకండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి రౌండ్ చేసి వేసిన నంబర్ అది. మీ ఫోన్‌కి అంత స్పీడ్ రానే రాదు. చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉంటుంది. 10/100/1000 లేదా గిగాబిట్ అని ఉంటే ఓకే. 100 లోపు ప్లాన్ వాళ్లకైతే 10/100 చాలు, అనవసరంగా ఖర్చు పెట్టొద్దు.

చిన్న ఆఫీసు, షాపు నడిపేవాళ్లు బిల్లింగ్ కంప్యూటర్, సీసీటీవీ రికార్డర్‌కి వైఫై కాకుండా కేబుల్ వేయించుకోవడమే బెటర్. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ స్పీడ్ ఇస్తుంది. కాకపోతే ప్యూర్ కాపర్ అని అడిగి మరీ తీసుకోండి. సీసీఏ అని ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియమే.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత మోడల్ ఎంత తక్కువకి వచ్చినా వద్దు. సెక్యూరిటీ లోపం బయటపడితే సరిచేసేవాళ్లుండరు.

కరెంటు కోతల కోసం మినీ యూపీఎస్ కొంటున్నారా? రౌటర్‌తో పాటు ఫైబర్ బాక్స్‌కి కూడా బ్యాకప్ ఉండాలి. లేదంటే వైఫై సిగ్నల్ ఫుల్‌గా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు.