నల్లమల చెట్లను ఆకాశం నుంచి గుర్తుపట్టడం

విమానం నుంచి తీసిన చిత్రంలో చెట్టు తల ఒక్కటే కనిపిస్తుంది. అడవిలో నడిచేవారు బెరడు, కాయ, వాసన చూసి చెట్టును పోల్చుకుంటారు. పైనుంచి చూసేటప్పుడు ఈ ఆనవాళ్లేవీ దొరకవు. తల వెడల్పు, దాని నీడ, ఎత్తు, ఆకుల నుంచి వచ్చే కాంతి మాత్రమే ఆధారాలు. అచ్చంపేట దాటాక మన్ననూరు, ఫరహాబాద్ మీదుగా పరుచుకున్న నల్లమల వంటి ఆకురాల్చే అడవిలో వీటికి ఇంకొకటి తోడవుతుంది: ఏ నెలలో ఎగిరారన్నది. కెమెరా ఎంత మంచిదైనా, నెల తప్పితే ఫలితం తప్పుతుంది.

మన దేశంలో అడవుల లెక్కకు వైమానిక ఛాయాచిత్రాలు వాడడం 1960ల నుంచే ఉంది. 1965లో మొదలైన అటవీ వనరుల సర్వేయే 1981లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాగా మారింది. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషారటి బృందం కేరళ కొబ్బరి తోటల తెగులును హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో పట్టుకుంది. ఆ తరువాత హైదరాబాద్‌లో నెలకొన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2008లో ఇస్రోలో భాగమైంది. దాని భూకేంద్రం పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ఉంది.

పాత పద్ధతిలో ఒక లెక్క చూస్తే ఈ పని ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. 152 మిల్లీమీటర్ల కటకంతో 1,520 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటో కొలమానం 1:10,000. ఎనిమిది మీటర్ల వెడల్పున్న నల్లమద్ది తల అందులో 0.8 మిల్లీమీటరు ఉంటుంది. పక్కపక్క ఫొటోలను స్టీరియోస్కోపు కింద పెట్టి, అంత చిన్న చుక్క ఎత్తును, గరుకుదనాన్ని కంటితో అంచనా వేసేవారు.

కంటికి అందని తేడాలను ఇప్పటి పరికరాలు చూస్తున్నాయి. ఆకులోని పత్రహరితం నీలి, ఎర్ర కాంతులను పీల్చుకుంటుంది. 700 నుంచి 1,300 నానోమీటర్ల పరారుణ కాంతిని ఆకు లోపలి కణాల అమరిక చాలావరకు వెనక్కి పంపుతుంది. 1,450, 1,940 దగ్గర ఆకులోని నీరు కాంతిని మింగేస్తుంది. టేకు వెడల్పాటి గరుకు ఆకు, నారేప జంట చిట్టాకులు ఈ పనిని ఒకేలా చేయవు. 2015 డిసెంబరు నుంచి 2016 మార్చి దాకా ఇస్రో, నాసా కలిసి బీ-200 విమానంలో ఎగరేసిన అవిరిస్-ఎన్‌జీ పరికరం 380 నుంచి 2,510 నానోమీటర్ల కాంతిని సుమారు 5 నానోమీటర్ల ముక్కలుగా కొలిచింది. అయితే వాగు ఒడ్డున ఉన్న చెట్టుకీ, గుట్ట మీది రాళ్లలో ఎదిగిన అదే జాతి చెట్టుకీ మధ్య తేడా ఒక్కోసారి రెండు జాతుల మధ్య తేడాను మించిపోతుంది. కాంతి ఒక్కదాన్నే నమ్మకూడదనడానికి ఇదే కారణం.

అందుకే నెలకు అంత విలువ. వర్షాలు ముగిసేటప్పటికి అడవంతా ఒకే పచ్చదనం. నీళ్లు తగ్గేకొద్దీ ఒక్కో జాతి ఒక్కో తీరున మారుతుంది. చిరుమాను ఆకులు రాలే ముందు రాగిరంగు తిరుగుతాయి. చెంచులు జిగురు తీసే తపసి, ఆకులన్నీ రాల్చి తెల్లటి కొమ్మలతో మిగులుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆకుల్లేని కొమ్మల నిండా మోదుగ నిప్పురంగు పూలు పూస్తే, కొండగోగు పసుపు పూలు విప్పుతుంది. వాగుల వెంట ఏరుమద్ది మాత్రం ఇంకా పచ్చగానే నిలబడుతుంది. టేకు పూత కావాలంటే వానాకాలమే దిక్కు, కానీ అప్పుడు మబ్బులు అడ్డం. నవంబరులో ఒకసారి, ఫిబ్రవరి చివర మరోసారి తీసిన చిత్రాలను పోల్చి చూడడం, ఖరీదైన పరికరంతో ఒక్కసారే ఎగరడం కన్నా ఎక్కువ చెబుతుంది. మండు వేసవిలో ఎగిరితే మోడైన కొమ్మల సందుల్లోంచి నేల, ఎండుగడ్డి కనిపించి లెక్క చెడుతుంది.

ఎత్తు తెలియడానికి లైడార్ ఉంది. విమానం నుంచి వదిలిన లేజర్ కిరణం కొంత చెట్టు తల నుంచి, కొంత నేల నుంచి తిరిగి వస్తుంది. ఆ రెండింటి తేడాయే చెట్టు ఎత్తు. గుబురుగా ఎదిగిన తునికినీ, దాన్ని మించి లేచే నల్లమద్దినీ అది విడదీస్తుంది.

ఇవన్నీ చేసినా, చిత్రాల్లోని చెట్లను జాతులుగా విడదీసే కంప్యూటరుకు ముందుగా కొన్ని చెట్ల పేర్లు నేర్పాలి. అందుకు మనుషులు అడవిలో నడవాల్సిందే. కొమ్మల కింద జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పు చూపుతుంది కాబట్టి, ఇప్పకు పెట్టిన గుర్తు పటంలో పక్కనున్న సారచెట్టు మీద పడవచ్చు. చిత్రాన్ని చేతిలో పట్టుకుని, ఒక్కో తలనూ కాండంతో సరిచూసుకోవాలి. ఆ పనిలో పెంటలనే అడవి గూడేల్లో ఉండే చెంచుల పరిజ్ఞానానికి సాటి లేదు. నేర్పడానికి వాడిన చెట్లను పక్కనపెట్టి, వేరే చెట్ల మీద పరీక్షిస్తేనే పటం ఎంత సరైందో తేలుతుంది. ఎక్కువగా ఉన్న జాతులకు నమూనాలు చాలా దొరుకుతాయి. అరుదైన వాటికి దొరకవు, తప్పులు అక్కడే పేరుకుంటాయి. మొత్తం సగటు ఒక్కటే చూపే పటం ఈ లోపాన్ని దాచేస్తుంది. ఒక్కో జాతికి విడిగా లెక్క చెప్పాలి.

పెద్ద చెట్ల కింద పెరిగే మొక్కలు, లోయల నీడలో ఉన్న తలలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన కొమ్మలు విమానానికి అందవు. అలాంటి చోట ఊహించి జాతి పేరు రాయడం కన్నా, పటంలో మిశ్రమ ఆకురాల్చే అడవి అని రాసి వదలడమే సరైన పని.