పసుపుపచ్చ చొక్కా

ఫ్రాన్సులో ఏటా జరిగే ‘టూర్ ద ఫ్రాన్స్’ ప్రపంచ ప్రసిద్ధమైన సైకిలు పందెం. ఇది 1903లో మొదలైంది. సుమారు మూడు వారాలపాటు రోజుకొక దశగా సాగుతుంది. మధ్యలో విశ్రాంతి దినాలు ఉంటాయి. అన్ని దశలలో పట్టిన కాలాన్ని కూడితే, ఎవరికి తక్కువ కాలం పట్టిందో వారే విజేత. ఏ రోజుకారోజు మొత్తం మీద ముందున్నవారికి పసుపుపచ్చ చొక్కా తొడుగుతారు.

తొలి వారంలో ఆ చొక్కా ధరించినవారే చివరకు గెలుస్తారా? చాలాసార్లు గెలవరు. ఎందుకంటే, తొలి దశలు ఎక్కువగా మైదానాలలో సాగుతాయి. ముందువాడు ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతే, వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. అందుచేత అందరూ గుంపుగా గమ్యం చేరుతారు; కాలంలో తేడా అంతగా రాదు. కొండదారిలో వేగం తగ్గుతుంది కాబట్టి ఆ లాభమూ తగ్గుతుంది. ఒక్కొక్కరూ ఒంటరిగా తొక్కవలసిన దశలో అది అసలే ఉండదు. అసలు బలం అక్కడే బయటపడుతుంది.

1990లో మొదటి దశలోనే నలుగురు గుంపును విడిచి, పది నిమిషాలకు పైగా ముందుకు పోయారు. వారిలో కెనడావాడైన స్టీవ్ బాయర్‌కు పసుపుపచ్చ చొక్కా దక్కింది. అమెరికావాడైన గ్రెగ్ లెమాండ్ వెనుకబడ్డాడు. అయితే కొండలలో ఆ తేడాను క్రమంగా తగ్గించుకున్నాడు. ముగింపుకు ముందురోజు జరిగిన ఒంటరి దశలో అందరినీ దాటి, చివరకు విజేత అయ్యాడు.

అలాగని తొలి ఆధిక్యాన్ని తీసిపారేయరాదు. ఆ నలుగురిలో ఒకడైన ఇటలీవాడు క్లాడియో కియాపుచ్చి రెండవ స్థానం పొందాడు! కనుక విజేతను ఊహించేటప్పుడు ఎవరు ముందున్నారన్నదే కాక, ఇక మిగిలిన దారి ఎలాంటిదో కూడా చూడాలి.