ప్యాకేజీ అడిగేవారే అందరూ, కాగితం చదివేదెవరు?

ఉద్యోగం వచ్చిందనగానే మన ఊళ్లలో ఏం పని, ఎక్కడ అని ఎవరూ అడగరు. "ప్యాకేజీ ఎంతంట?" అంటారు. వరంగల్ నుంచో, నరసరావుపేట నుంచో, శ్రీకాకుళం నుంచో బ్యాగు సర్దుకుని వచ్చి హైదరాబాద్ కొత్తగూడలో త్రీ షేరింగ్ రూములో దిగిన కుర్రాడు పెద్దనాన్నకు ఫోన్లో చెప్పేదీ ఆ అంకే: "నాలుగూ ఇరవై." పెద్దనాన్న మనసులోనే పన్నెండుతో భాగించి "నెలకు ముప్పై ఐదు వేలు, బాగానే ఉందిరా" అని మురిసిపోతారు. తీరా నెలాఖరున ఖాతాలో పడేది పాతిక వేల చిల్లర. కంపెనీ మోసం చేసిందా అంటే చాలాసార్లు లేదు. ఆఫర్ లెటర్ చివరి పేజీలో చిన్న పట్టికలో అంతా రాసే ఉంటుంది. ఆ పేజీ దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది?

ఆ పట్టికను ఒకసారి దగ్గరగా చూద్దాం. అంకెలు కంపెనీని బట్టి మారతాయి గానీ వరస ఇదే. 4,20,000 ప్యాకేజీలో, కాగితం మీద దాని పేరు సీటీసీ, సగం బేసిక్ అనుకుంటే ఏడాదికి 2,10,000, నెలకు 17,500. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, ఏడాదికి 25,200. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 10,100. ఆరోగ్య బీమా ప్రీమియం 8,700 వేసుకోండి, వేరియబుల్ పే 40,000. ఈ నాలుగూ కలిపి 84,000. ఇదంతా సీటీసీలో ఉంటుంది, నెల జీతంలో కనిపించదు. మిగిలిన 3,36,000ను పన్నెండు నెలలకు పంచితే 28,000. అందులోంచి మీ వాటా పీఎఫ్ 2,100, తెలంగాణ వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి 25,700. ఆదాయపు పన్ను బెడద ఈ స్థాయిలో లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయంపై పన్ను పడదు, జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి అది 12.75 లక్షలు.

ఆ 84,000లో పీఎఫ్ మీ సొంత డబ్బే. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, బ్యాంకు డిపాజిట్ కంటే మేలు. గ్రాట్యుటీ కథ వేరు. పర్మనెంటు ఉద్యోగి ఐదేళ్లు నిండితేనే దానికి అర్హుడు. రెండేళ్లకోసారి కంపెనీ మారే మన పిల్లల్లో ఎక్కువమంది ఆ డబ్బు కళ్లచూడరు, అయినా ప్రతి ఆఫర్‌లోనూ అది వాళ్ల ప్యాకేజీని లావుగా చూపిస్తూనే ఉంటుంది. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద చేరినవారికి మాత్రం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఏడాది పనిచేస్తే చాలు, గ్రాట్యుటీ ఇవ్వాలంటోంది. ఇక వేరియబుల్. "పోయిన ఏడాది కొత్తగా చేరినవాళ్లకు ఇందులో ఎంత శాతం ఇచ్చారండీ?" అని హెచ్ఆర్‌ను అడగడంలో మర్యాద తప్పిందేమీ లేదు. సూటిగా జవాబు రాలేదంటే ఆ సొమ్మును సున్నా కింద రాసుకుని ఆఫర్‌ను తూచండి.

డబ్బు సంగతి తేలాక చదవాల్సింది బాండ్. ఏడాదో రెండేళ్లో ఉండాలి, మధ్యలో వెళ్తే ఇంత కట్టాలి అనే షరతు. "బాండ్లు కోర్టులో చెల్లవు, సంతకం పెట్టేసెయ్" అని చెప్పే సీనియర్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఆ మాట నమ్మితే నష్టపోతారు. విజయా బ్యాంకు కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదని అందులో తేల్చారు. ప్రభుత్వరంగ బ్యాంకు నియామకానికి పెట్టే ఖర్చును, శ్రమను కూడా లెక్కలోకి తీసుకున్నారు. అలాగని ప్రైవేటు కంపెనీ ఎంత రాసుకుంటే అంతా కట్టాలనీ కాదు. అదే 1872 నాటి చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఇప్పించేది న్యాయమైన పరిహారం మాత్రమే, కాగితం మీది అంకె దానికి గరిష్ఠ పరిమితి. మూడు నెలల శిక్షణకు పది లక్షల బాండ్ అడిగే చోట ఆ బేరమే అనుమానాస్పదం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్న కంపెనీకైతే నమస్కారం పెట్టి బయటికి రండి. పరిశీలనకు చూపించడం వేరు, తాకట్టు పెట్టడం వేరు.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి చేదుగా ఉంటుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కొనుక్కోవడం ఎంత మామూలైపోయిందంటే, అందులో తప్పుందని కూడా ఎవరికీ తోచదు. సోర్స్ కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన నాలుగు ముక్కలు, అన్నీ కలిపి ఒకే ధర. ఇరవై ఒకటో ఏట మొదలైన ఆ అలవాటు ఇరవై మూడో ఏటికి ఇంకో మెట్టెక్కుతుంది. ఉద్యోగం రాక గదిలో కూర్చున్న కుర్రాడికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: మూడేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పే స్లిప్పులు ఇస్తాం, ఇంటర్వ్యూకు ప్రాక్సీ చూస్తాం, చేరాక జాబ్ సపోర్టు కూడా మాదే. "ఫేక్ పెట్టకుండా ఈ రోజుల్లో ఎవరికొస్తుందిరా" అని రూమ్మేట్ ధైర్యం చెబుతాడు.

అందరూ ఫేక్ పెడుతున్నారన్నది అబద్ధం. కొందరు పెట్టి నెగ్గుకొచ్చారన్నది నిజం, దాచి లాభం లేదు. కానీ ఆ పాత రోజులకూ ఇప్పటికీ మధ్య 12 అంకెల సంఖ్య ఒకటి వచ్చి కూర్చుంది. అదే యూఏఎన్. 2014 నుంచి పీఎఫ్ సభ్యులందరికీ ఇస్తున్న ఈ నంబరు కింద ఏ సంస్థలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన బయటికొచ్చారు అన్నీ వరసగా ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు ముందు అడిగేది ఆ సర్వీస్ హిస్టరీనే. రెజ్యూమేలో మూడేళ్లుండి అక్కడ ఖాళీ కనిపిస్తే కథ ముగిసినట్టే. అది తెలిసిన కన్సల్టెన్సీలు ఇప్పుడు "పీఎఫ్ కూడా కట్టి చూపిస్తాం" అంటున్నాయి. పెద్ద కంపెనీలు అలాంటి సంస్థల పేర్ల జాబితాలు పెట్టుకుని మరీ పోల్చుకుంటాయి. పట్టుబడేది చేరేటప్పుడే అన్న నియమమూ లేదు. రెండేళ్లు నిజాయితీగా పనిచేసి, పని కూడా నేర్చుకుని, ఇంటి లోను తీసుకున్నాక బయటపడితే ఆ రెండేళ్ల అసలు అనుభవం కూడా ఫేక్ ఖాతాలోకే పోతుంది.

ఒకే సమయంలో రెండు ఉద్యోగాలు చేసేవారి పరిస్థితీ అంతే. తమ దగ్గర పనిచేస్తూనే నేరుగా పోటీ కంపెనీలకూ పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తీసేశామని 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ బహిరంగంగానే చెప్పారు. ఇద్దరు యజమానులు ఒకే నెలకు పీఎఫ్ జమ చేస్తే అది ఒకే యూఏఎన్ కింద పక్కపక్కనే కనిపిస్తుంది. పోల్చి చూడటానికి గూఢచారి అక్కర్లేదు.

మరి అనుభవం లేనివాడు ఏం చూపించాలి? చేసిన పని చూపించాలి. చిన్నదైనా సొంతంగా చేసింది. ఇంటర్వ్యూలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది కోడింగ్ దగ్గర కాదని నా అభిప్రాయం, "ఇందులో మీరేం చేశారు?" అన్న ప్రశ్న దగ్గర. "మా టీమ్ చేసిందండీ" అంటారు. అది వినయమే కావచ్చు, ఎదుటివారికి మాత్రం ఏమీ చెయ్యలేదని వినిపిస్తుంది. దీనికి మందు చౌకైనదే. ప్రతి శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏ సమస్య వచ్చింది, నేనేం ప్రయత్నించాను, ఏది పనిచేసింది, ఎంత సమయం కలిసొచ్చింది అని నాలుగు వాక్యాలు రాసుకోండి. కంపెనీ కోడు, కస్టమర్ల వివరాలు అందులోకి రానివ్వకండి. ఆరు నెలలకు అప్రైజల్ వచ్చినప్పుడు, ఏడాదికి రెజ్యూమే తిరగరాసేటప్పుడు ఆ పుస్తకం విలువ తెలుస్తుంది. కాలేజీలో ఉన్నవారు ఈ పనిని ప్రాజెక్టుతోనే మొదలుపెట్టవచ్చు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. తెలంగాణ కాలేజీల పిల్లలకు ప్రభుత్వ సంస్థ టాస్క్ శిక్షణ ఇస్తోంది.

సొంత రికార్డు ఎందుకంటే, కంపెనీ పేరు శాశ్వతం కాదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌కు ఆ పాఠం 2009 జనవరి 7న అందింది. లెక్కల్లో చూపించిన వేల కోట్లు అసలు లేవని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు ఆ రోజు బోర్డుకు లేఖ రాశారు. అప్పటికి అందులో 50,000 మందికి పైగా ఉద్యోగులు. పెళ్లి సంబంధాల్లో సైతం గొప్పగా చెప్పుకున్న పేరు ఒక్క పూటలో చెప్పడానికి మొహమాటపడే పేరైపోయింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లేదాకా ఎవరి భవిష్యత్తు ఏమిటో తెలియదు. మరోచోట ఇంటర్వ్యూకు వెళ్లినవారికి ఆ నెలల్లో అక్కరకొచ్చింది తాము చేసిన పనీ, దాన్ని చూపించే కాగితాలే. ఇంతకంటే చిన్న దెబ్బ ఈ మధ్య కూడా తగిలింది. 2022లో ఆఫర్లు ఇచ్చి 2024 దాకా పిల్లల్ని చేర్చుకోని కంపెనీలున్నాయి. ఆఫర్ చేతికొచ్చినా చేరే తేదీ వచ్చేదాకా మిగతా ఇంటర్వ్యూలు మానకండి.

వెళ్లిపోవాల్సి వచ్చినప్పుడు సక్రమంగా వెళ్లండి. జీతం ఎక్కువ వస్తోందని నోటీసు ఇవ్వకుండా ఫోన్ ఆపేసి మాయమైతే రిలీవింగ్ లెటర్ రాదు. తరవాతి కంపెనీ అది లేకుండా చాలాసార్లు కుదరదంటుంది. తొంభై రోజుల నోటీసు భారమే, కానీ మిగిలిన నోటీసు రోజులకు కట్టాల్సిన సొమ్మును కొత్త కంపెనీ బై అవుట్ కింద ఇస్తుందేమో ముందు అడగండి. మీరు సక్రమంగా వెళ్లినప్పుడు కంపెనీ కూడా అలాగే ఉండాలి. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై ఐదు రోజులు పడుతుందనడం చాలా హెచ్ఆర్ విభాగాలకు పాత అలవాటు. రెండు పనిదినాల నిబంధనను మెయిల్లో మర్యాదగా గుర్తుచెయ్యండి. పాత పీఎఫ్‌ను విత్‌డ్రా చేసి ఫోన్ కొనుక్కోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకోండి. పీఎఫ్ పోర్టల్లో నామినీ పేరు ఇవాళే నింపండి. సర్వీసులో ఉండగా సభ్యుడికి ఏదైనా జరిగితే కుటుంబానికి 7 లక్షల దాకా బీమా వస్తుంది, నామినీ లేకపోతే అమ్మానాన్నలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

చివరిగా, ఉద్యోగానికి డబ్బు అడిగేవాళ్ల గురించి. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ రుసుము, బ్యాక్‌డోర్, పేరేదైనా నియామకానికి ముందు డబ్బు కట్టమంటే అక్కడ ఉద్యోగం లేదనే అర్థం. విదేశంలో డేటా ఎంట్రీ అనే ఆశ ఇంకా ప్రమాదకరం. 2025 మార్చిలో మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాల నుంచి విడిపించిన 500 మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. విదేశీ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఇంట్లో తిడతారని దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.