దవావో నుంచి వచ్చిన డాక్టరమ్మ

మా పైవాటాలో తెల్లవారుజామున నాలుగున్నరకే లైటు వెలుగుతుంది. వీధి మొత్తానికి పాలవాడి కంటే ముందు లేచే ప్రాణి ఆ యింటి అమ్మాయి ఒక్కతే. ఆరేళ్ళపాటు ఫిలిప్పీన్సు దేశంలో వైద్యం చదివి, పట్టా పుచ్చుకొని, 2025లో ఇంటికి చేరుకొన్నది. వీధిలో అందరూ అప్పుడే 'డాక్టరమ్మా' అని పిలుస్తున్నారు గాని, ప్రభుత్వంవారు మాత్రం ఇంకా పిలవలేదు. ఆ పిలుపు కోసమే ఈ లైటు.

ఏ.ఎస్. రావు నగర్‌లో పిల్లలు విదేశాలకు వెళ్ళటం ఏమీ వింత కాదు. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావుగారే పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దాకా వెళ్ళివచ్చిన మనిషి. వచ్చి ఊరుకోక 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నిలబెట్టారు. ఇప్పుడు మా వీధిలో ఏ తలుపు తట్టినా లోపల అమెరికా చుట్టరికం పలుకుతుంది. అయినా 2019లో పైవాటా వదినగారు వచ్చి, "అమ్మాయిని దవావో పంపిస్తున్నామండీ" అన్నప్పుడు, మా వారు లేచి అట్లాసు దించారు.

అట్లాసులో అది బాగా కిందుగా వున్నది. ఫిలిప్పీన్సుకు ఉత్తరాన మనీలా వుంటే, దక్షిణాన మిండనావో అనే పెద్ద ద్వీపం. ఆ ద్వీపంలో పెద్ద పట్టణం దవావో. తుపానులు తక్కువ, వానలు ఎక్కువ. పక్కనే 2,954 మీటర్ల ఎత్తున ఆపో పర్వతం. మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందు. 1976లో నెలకొన్న దవావో మెడికల్ స్కూల్ ఫౌండేషన్ ఆ ఊళ్ళోదే. మన రెండు రాష్ట్రాల పిల్లలు అక్కడికి ఎంతగా వెళ్ళారంటే, ఆ ఊళ్ళో తెలుగు వంటవాళ్ళతో హాస్టళ్ళు వెలిశాయి.

ఎందుకు వెళ్ళినట్టు? ఈ ప్రశ్నకు జవాబు తెలియని మధ్యతరగతి ఇల్లు వుండదు. నీట్‌లో అర్హత వచ్చింది, ప్రభుత్వ సీటు రాలేదు. ఇక్కడి ప్రైవేటు సీటు ధర వింటే గుండె ఆగేట్టున్నది. అక్కడైతే మొత్తం కలిపి 20 లక్షల పైచిలుకు. పాఠాలు ఇంగ్లీషులో. తండ్రిగారు రిటైరయ్యే వయసులో బ్యాంకులో అప్పు రాశారు. సంతకం పెట్టి వచ్చిన రోజు సాయంత్రం ఆయన మా వరండాలో కూర్చొని కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు.

ఆ పిల్ల నన్ను 'పిన్నీ' అంటుంది. 'ఆంటీ' అంటే పలకనని చిన్నప్పుడే చెప్పాను. తెలుగు పాఠం చెప్పుకొని బతికేదాన్ని, ఆమాత్రం పంతం వుండవద్దూ! ఇప్పుడు సాయంత్రాలు పుస్తకం మూసి కిందికి వచ్చినప్పుడు అక్కడి కబుర్లు చెపుతుంది.

"జీప్నీ ఎక్కటమే మొదటి పాఠం పిన్నీ" అన్నదోరోజు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలిపోయిన జీపులను సాగదీసి, వెనక రెండు బల్లలు వేసి, రంగులు పూసి బస్సులుగా చేసుకొన్నారట. అదే జీప్నీ. వెనక కూర్చొన్నవాడు డబ్బులు పక్కవాడి చేతికిస్తే, అవి చేతులు మారి డ్రైవరుకు చేరతాయి, చిల్లర అదే దారిన తిరిగి వస్తుంది. దిగాలంటే దవావోలో 'లుగార్ లాంగ్' అనాలి. "మన ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా షేర్ ఆటోలో కూడా ఇంతేగా" అన్నాను. "ఇంతే గాని, అక్కడ డ్రైవరు పాట పెడితే బండిలో అందరూ పాడతారు" అన్నది.

అన్నానికి లోటు లేదు. వాళ్ళు మూడు పూటలా అన్నమే తింటారు. చింతపండు పులుపుతో 'సినిగాంగ్' అనే పులుసు చేస్తారు; మాంసం ముక్కలు తీసేస్తే మన చారుకు పినతల్లి కూతురు. కోడిపులుసులో మునగాకు వేస్తారు. దవావో వాడుకలో దాన్ని 'కాముంగాయ్' అంటారు. మొదటిసారి ఆ మాట చెవిన పడ్డప్పుడు ఈ పిల్లకు మా పెరటి మునగచెట్టు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయట. దురియన్ పండు మాత్రం ఆరేళ్ళలో ఒక్కసారే రుచి చూసింది. ఆ వాసన గురించి అడిగితే, "అడక్కండి పిన్నీ" అని ముక్కు మూసుకొన్నది.

దీపావళికి టపాకాయలు లేవు. 2002 నుంచి ఆ ఊళ్ళో బాణసంచా నిషేధం. మనకని మినహాయింపు వుంటుందా? హాస్టలు మేడమీద ప్రమిదలు వెలిగించి, తెలుగు పిల్లలంతా ఇళ్ళకు ఫోన్లు చేశారట. ఇటు మా వీధిలో మోగే సీమటపాకాయల చప్పుడు ఫోన్లో వింటూ నిలబడ్డారట అక్కడ!

భూకంపాలు ఆమె వెళ్ళిన ఏడే పరిచయమయ్యాయి. 2019 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ప్రాంతాన్ని వరసగా కుదిపేశాయి. డిసెంబరు 15న మధ్యాహ్నం వచ్చినది పెద్దది. పుస్తకాలు అక్కడే వదిలి మెట్లు దిగి పరుగెత్తి, ఆ రాత్రి దుప్పట్లతో ఆరుబయట గడిపారు. ఆ సంగతి వదినగారికి రెండేళ్ళ తరువాత గాని చెప్పలేదు.

ఆ భయం తీరకముందే కరోనా. 2020 మార్చి 17న మన ప్రభుత్వం ఫిలిప్పీన్సు, మలేషియా, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి ప్రయాణికులు రాకుండా ఆపివేసింది. అప్పటికే బయలుదేరిన పిల్లలు కౌలాలంపూరు విమానాశ్రయంలో ముందుకూ వెనక్కూ కాకుండా చిక్కుపడ్డారు. వారిలో మా అమ్మాయి ఒకతె. మరునాడు ప్రత్యేకానుమతి మీద విశాఖపట్నానికీ ఢిల్లీకీ విమానాలు నడిపారు. విశాఖలో దిగి అమ్మకు ఫోన్ చేస్తే, ఇటువైపు నుంచి మాట రాలేదట, ఏడుపే వచ్చిందట. ఆ తరువాత పాఠాలు పైవాటా గదిలో నుంచే. అక్కడ ఎనిమిది గంటల క్లాసంటే ఇక్కడ అయిదున్నర. తెల్లవారుజామున లేవటం ఆమెకు అప్పుడే అలవాటయింది. 2022లో గాని తిరిగి వెళ్ళలేదు. వార్డుల చదువంతా అక్కడే సాగింది.

వార్డులో ఇంగ్లీషు పనికిరాదు. రోగులు మాట్లాడేది బిసాయా. 'సాకిట్' అంటే నొప్పి. ఆ ఒక్క మాట పట్టుకొని మొదటి నెల గడిపి, తరువాత భాష నేర్చింది. తోటి ఫిలిప్పీనో అమ్మాయి ఒకతె నేర్పిందట. ఆ అమ్మాయి తల్లి సౌదీలో నర్సు. ఏడాదికోసారి తల్లి పంపే పెద్ద అట్టపెట్టె వస్తుంది: సబ్బులు, చాక్లెట్లు, బూట్లు, తువ్వాళ్ళు. ఆ దేశంలో దాన్ని 'బాలిక్‌బయాన్' పెట్టె అంటారు. ఇంటికి తిరిగొచ్చేవారి పెట్టె అని అర్థం. లక్షలాది తల్లులూ తండ్రులూ పరదేశాల్లో పనిచేస్తున్న దేశం అది. మనవైపు పెట్టె ఎదురుదారిలో నడుస్తుంది. అమ్మ ఇక్కడుండి ఆవకాయ జాడీ కట్టి పిల్లలకు పంపుతుంది. సెలవుల్లో ఆ స్నేహితురాలి ఇంటికి వెళితే, అమ్మమ్మగారు చెయ్యి చాపిందట. ఏం చెయ్యాలో తోచక ఈ పిల్ల కరచాలనం చేసింది. అందరూ నవ్వారు. పెద్దల చెయ్యి అందుకొని నుదుటికి ఆనించుకోవాలి. అదీ వాళ్ళ నమస్కారం.

నాకు పండగ చేసిన కబురు వేరే వున్నది. వాళ్ళ తగలోగు భాషలో ఉపాధ్యాయుడు 'గురో', మొహం 'ముఖా', ముత్యం 'ముత్యా', దేవత 'దివాతా'. మన 'అండి' లాగా మాట చివర 'పో' చేరిస్తే మర్యాద. అంతకంటే పెద్ద సంగతి: ఒకసారి విమానానికీ విమానానికీ నడుమ ఒక రోజు దొరికితే ఈ పిల్ల మనీలాలో నేషనల్ మ్యూజియం చూడబోయి, "పిన్ని కోసం" అని ఫోటో పంపింది. 1989లో లగునా ప్రాంతంలో దొరికిన రాగి రేకు అది. మన శాసనాల లాగానే 'స్వస్తి' అని మొదలవుతుంది. శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. అంటే క్రీ.శ. 900. సముద్రాలకు ఆవల, మన పంచాంగం!

ఇంతా చేసి ఆ రేకు మీద వున్నది రాజు దిగ్విజయం కాదు, దేవాలయ దానం కాదు. అది అప్పు తీరిన రసీదు. నమ్వరన్ అనే ఆయన పడిన ఒక కాటి ఎనిమిది సువర్ణాల బంగారం బాకీ రద్దయినదనీ, ఆయన సంతానానికి ఇక ఆ బాకీతో సంబంధం లేదనీ రాసివున్నది. ఈ సంగతి చదివి వినిపిస్తూ తలెత్తి చూస్తే, పిల్ల మొహం చిన్నబోయింది. నాకు నాలుక కరచుకోవలసి వచ్చింది.

ఎందుకంటే ఆ ఇంటి బాకీ అల్లాగే వున్నది. పట్టా చేతికొచ్చినా ఇక్కడ వైద్యం చెయ్యాలంటే విదేశాల్లో చదివినవారికి పెట్టే పరీక్ష గట్టెక్కాలి. 300 ప్రశ్నలు, 150 మార్కులు వస్తేనే గెలుపు. ఏడాదికి రెండుసార్లు. 2024 జూన్ విడతలో రాసినవారిలో గెలిచినది అయిదుగురికి ఒకరు చొప్పున. మా అమ్మాయికి మొదటిసారి 143 వచ్చాయి. ఆ ఏడు మార్కులకు ఆరు నెలలు. ఆరు నెలలకు బ్యాంకు వడ్డీ.

అయినా ఈమె అదృష్టవంతురాలనే చెప్పాలి. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశంలో వైద్యం చదువు 54 నెలలకు తగ్గరాదు. ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చెయ్యాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ వైద్యం చేసే అర్హత వుండాలి. ఫిలిప్పీన్సులో ముందు బి.ఎస్. అనే డిగ్రీ, తరువాత నాలుగేళ్ళ ఎం.డి. నాలుగేళ్ళంటే 48 నెలలే. ఆ తేదీకి ముందు చేరినవారు బయటపడ్డారు. వదినగారి మేనల్లుడు ఆ తేదీ తరువాత చేరినవాడు. చేర్పించిన ఏజెంటు, "ఏం ఫరవాలేదు, అన్నీ సర్దుకొంటాయి" అని చెపుతూనే వున్నాడు, ఫీజు రెండో కంతు కట్టేదాకా. ఆ తరువాత ఫోను ఎత్తలేదు. ఆ కుర్రాడు ఏడాది పోగొట్టుకొని, మరో దేశంలో మళ్ళీ మొదటి ఏడు నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎవరైనా మా ఇంటికి వచ్చి ఫలానా దేశం ఎల్లా వుంటుందని అడిగితే, ఊరి అందచందాలు తరువాత చెప్పుకొందాం, ముందు ఆ గెజెట్టు కాగితం చదివారా అంటున్నాను. పిల్లల్ని భయపెడుతున్నానని మా వారు కోప్పడతారు.

మొన్న ఆదివారం పైనుంచి ఒక గిన్నె వచ్చింది. చింతపండు, మునగాకు, ముల్లంగి వేసి కాచిన పులుసు. మాంసం లేకుండా, మా కోసం. వదినగారు వెంట వచ్చి, "మా అమ్మాయి వంట, ఏమనుకోకండి" అన్నారు. బాగున్నదనే చెప్పాను. నిజంగానే బాగున్నది, కొంచెం ఇంగువ వుంటే ఇంకా బాగుండేది. డాక్టరమ్మ కిందికి రాలేదు. పరీక్ష దగ్గర పడుతున్నదట.