టెస్ట్, ప్రొడక్షన్ ఒకే సర్వర్‌పై ఉంటే.. ప్యాచ్ వేసేదెలా?

బ్యాంకు ఖాతా, ఆస్పత్రి రికార్డు, దుకాణం లెక్క.. ఇప్పుడు అన్నీ డేటాబేస్‌లోనే ఉంటున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే తయారుచేసిన కంపెనీ సవరణ విడుదల చేస్తుంది. దాన్నే ప్యాచ్ అంటారు. ఒరాకిల్ కంపెనీ ఏటా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో భద్రతా ప్యాచ్‌లు ఇస్తుంది.

ప్యాచ్ వేయకపోతే ఏమవుతుందో 2003 జనవరి 25న ప్రపంచం చూసింది. 'స్లామర్' అనే వార్మ్ మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపం గుండా దూరి, నిమిషాల్లోనే వేలాది కంప్యూటర్లకు పాకింది. అమెరికాలో ఏటీఎంలు మొరాయించాయి. ఆ లోపానికి ప్యాచ్ 2002 జూలైలోనే వచ్చింది. ఆరు నెలలైనా చాలామంది వేసుకోలేదు.

ఎందుకు వెనకాడతారు? నడుస్తున్న పని ఎక్కడ చెడుతుందోనన్న భయం. అందుకే ముందు టెస్ట్ డేటాబేస్‌కు వేసి చూస్తారు. బాగుంటేనే ప్రొడక్షన్‌కు, అంటే అసలు పని జరిగే డేటాబేస్‌కు వేస్తారు. అయితే ఖర్చు కలిసొస్తుందని కొన్ని సంస్థలు రెండింటినీ ఒకే సర్వర్‌పై పెడతాయి. చిక్కంతా ఇక్కడే.

ఒరాకిల్ ప్రోగ్రాం ఫైళ్ళు ఉండే చోటును 'ఒరాకిల్ హోమ్' అంటారు. ప్యాచ్ పడేది ఆ హోమ్‌కే. రెండు డేటాబేస్‌లూ ఒకే హోమ్ నుంచి నడుస్తుంటే టెస్ట్‌కు మాత్రమే వేయడం కుదరదు. డేగిసాలో ఉప్పు ఎక్కువైతే అన్ని పళ్ళేల్లోనూ ఎక్కువే కదా!

దీనికి దారి రెండో హోమ్. అదే సర్వర్‌పై వేరే ఫోల్డర్‌లో అదే వెర్షన్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, దానికి ప్యాచ్ వేయాలి. తర్వాత టెస్ట్ డేటాబేస్‌ను ఆపి, కొత్త హోమ్ నుంచి మొదలుపెట్టాలి. ఆపై 'డేటాప్యాచ్' నడపాలి. డేటాబేస్ లోపలి మార్పులు చేసేది అదే. కాబట్టి ఒక్కో డేటాబేస్‌కు విడిగా నడపాల్సిందే. ఇంత జరిగినా ప్రొడక్షన్ పాత హోమ్ నుంచి తన పని తాను చేసుకుంటుంది.

కొన్నాళ్ళు రిపోర్టులు, రాత్రిపూట నడిచే జాబ్‌లు సరిచూసుకున్నాక ప్రొడక్షన్ వంతు. ముందుగా బ్యాకప్ తీయాలి. తీస్తే సరిపోదు, అది తిరిగి ఎక్కుతుందో లేదో చూసుకోవాలి. పాత హోమ్‌ను వెంటనే తీసేయకూడదు. తేడా వస్తే మళ్ళీ అందులోకి మారి, డేటాప్యాచ్‌ను మరోసారి నడిపి వెనక్కి రావచ్చు.

ఇంత చేసినా మెమరీ, డిస్క్, ఆపరేటింగ్ సిస్టమ్ రెండింటికీ ఉమ్మడివే. సర్వర్ రీస్టార్ట్ చేస్తే రెండూ ఆగుతాయి. టెస్ట్‌లో బరువైన పని పెడితే ప్రొడక్షన్ నెమ్మదిస్తుంది. వీలు చిక్కగానే టెస్ట్‌ను వేరే మెషీన్‌కు మార్చడమే మేలు. అంతవరకు రెండు హోమ్‌లు తప్పనిసరి. సర్వర్ ఒకటే కదా అని ప్యాచ్‌ను వాయిదా వేస్తూ పోతే మాత్రం ప్రమాదమే.